రోగులకు డాక్టర్ దొరకడు, డాక్టర్‌కు ఉద్యోగం దొరకదు: ఇంగ్లండ్ కుటుంబ వైద్యం ఎందుకిలా అయింది?

ఇంగ్లండ్‌లో ప్రతి పనిదినం ఉదయం ఎనిమిది గంటలకు కుటుంబ వైద్యుల క్లినిక్‌లకు ఫోన్లు మొదలవుతాయి. ఆ రోజుకున్న అపాయింట్‌మెంట్లు చాలాచోట్ల కొద్దిసేపటికే అయిపోతాయి. మిగిలినవారికి మరునాడు ప్రయత్నించమన్న సమాధానమే దక్కుతుంది. అదే దేశంలో, కుటుంబ వైద్యంలో పూర్తి శిక్షణ పొందిన డాక్టర్లు కొందరు తమకు తగిన ఉద్యోగం దొరకడం లేదని వాపోతున్నారు.

రోగులు డాక్టర్ల కోసం, డాక్టర్లు ఉద్యోగాల కోసం ఏకకాలంలో ఎదురుచూడటం పైకి పొంతన లేని విషయంగా కనిపిస్తుంది. డాక్టర్ల కొరత ఒక్కటే కారణమైతే రెండో సమస్య పుట్టకూడదు. డబ్బు కొరత ఒక్కటే కారణమైతే, గత కొన్నేళ్లలో ఈ రంగంలోకి వేలాదిమంది కొత్త సిబ్బంది వచ్చి ఉండకూడదు. అసలు చిక్కు కుటుంబ వైద్యులకు చెల్లింపు జరిగే పద్ధతిలో ఉంది. మనిషికి ఏడాదికి ఇంత అని ఆదాయం ముందే నిర్ణయమవుతుంది. ఆ మనిషికి చేయవలసిన పనికి మాత్రం పరిమితి లేదు.

బ్రిటన్ వైద్యరంగంతో తెలుగువారికి ఆరు దశాబ్దాలకు పైబడిన అనుబంధం ఉంది. అందువల్లనే కాక, ప్రాథమిక వైద్యాన్ని బలపరచాలనుకునే ఏ ప్రభుత్వానికైనా ఇందులో గ్రహించవలసిన విషయం ఉన్నందువల్ల కూడా ఈ సంక్షోభాన్ని కాస్త వివరంగా పరిశీలించవలసి ఉంది.

జీపీ అంటే ఎవరు?

బ్రిటన్‌లో కుటుంబ వైద్యుణ్ని జనరల్ ప్రాక్టీషనర్ అనీ, క్లుప్తంగా జీపీ అనీ పిలుస్తారు. అక్కడ నివసించే ప్రతి ఒక్కరూ తమకు దగ్గరలోని ఏదో ఒక జీపీ క్లినిక్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. సంప్రదింపులకు రుసుము ఉండదు. అత్యవసర చికిత్స, మరికొన్ని ప్రత్యేక సేవలు మినహా స్పెషలిస్టును కలవాలంటే సాధారణంగా జీపీ సిఫారసు ఉండాలి. రోగి వైద్య చరిత్ర అంతా జీపీ దగ్గరే భద్రంగా ఉంటుంది. ఒక్కమాటలో చెప్పాలంటే, నేషనల్ హెల్త్ సర్వీస్ అనే పెద్ద భవనానికి జీపీ సింహద్వారం.

బయటివారికి అంతగా తెలియని విషయం మరొకటుంది. జీపీ క్లినిక్‌లలో అత్యధికం ప్రభుత్వ కార్యాలయాలు కావు. 1948 జులై 5న నేషనల్ హెల్త్ సర్వీస్ ఆరంభమైనప్పుడు ఆసుపత్రి డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. కుటుంబ వైద్యులు అందుకు అంగీకరించలేదు. ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని సేవలందించే స్వతంత్రులుగానే ఉంటామన్నారు. ఆనాటి ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్ అందుకు సమ్మతించక తప్పలేదు. ఆ ఏర్పాటు నేటికీ కొనసాగుతోంది.

కొందరు డాక్టర్లు భాగస్వాములుగా చేరి క్లినిక్ నడుపుతారు. నర్సులను, రిసెప్షనిస్టులను, జీతానికి పనిచేసే ఇతర డాక్టర్లను వారే నియమించుకుంటారు. కరెంటు బిల్లు మొదలు సిబ్బంది పింఛను దాకా ఖర్చులన్నీ పోగా మిగిలినదే భాగస్వాముల ఆదాయం. ఉదయం రోగి నాడి చూసిన డాక్టరే సాయంత్రం జీతాల పట్టిక చూడవలసి ఉంటుంది. వైద్యుడు, యజమాని అనే ఈ రెండు పాత్రల మధ్య ఒరిపిడి నుంచే నేటి సమస్యలో సగం పుట్టింది.

తలసరి చెల్లింపు వెనుక కథ

రోగి ఎన్నిసార్లు వచ్చినా అతని పేరున ఏడాదికి ఒకే మొత్తం చెల్లించే పద్ధతి నేషనల్ హెల్త్ సర్వీస్ కంటే పాతది. లాయిడ్ జార్జ్ తెచ్చిన 1911 నాటి జాతీయ బీమా చట్టంలోనే దానికి మూలాలున్నాయి. ఈ పద్ధతికి గట్టి సమర్థన ఉంది. ప్రతి సందర్శనకూ రుసుము ఇస్తే అనవసర సందర్శనలు పెరుగుతాయి. మనిషికి ఇంత అని ఇస్తే ఆ మనిషిని ఆరోగ్యంగా ఉంచడమే డాక్టర్‌కు కూడా లాభం.

అయితే రోగుల అవసరాలు పెరిగి చెల్లింపు పెరగనప్పుడు భారమంతా డాక్టర్ మీదే పడుతుంది. 1960ల మధ్యలో ఇదే జరిగింది. సిబ్బందికి పెట్టిన ఖర్చు సొంత ఆదాయం నుంచే పోతుంది గనుక చాలామంది జీపీలు నర్సును గానీ గుమస్తాను గానీ పెట్టుకునేవారు కాదు. సదుపాయాలు లేని ఇరుకు గదుల్లోనే వైద్యం సాగేది. విసిగిపోయిన డాక్టర్లు 1965లో తేదీ వేయని రాజీనామా పత్రాలను తమ సంఘానికి అప్పగించారు. అప్పటికున్న సుమారు 22 వేల మంది జీపీల్లో 18 వేల మంది వరకు ఆ పత్రాలపై సంతకాలు చేశారు.

ప్రభుత్వం దిగివచ్చింది. ఆరోగ్యమంత్రి కెన్నెత్ రాబిన్సన్ హయాంలో 1966లో కుటుంబ వైద్యుల ఒప్పందం కొత్త రూపం దాల్చింది. సిబ్బంది జీతాల్లో 70 శాతాన్ని, క్లినిక్ భవనం అద్దెను ప్రభుత్వం తిరిగి చెల్లించడం మొదలైంది. నర్సులు, రిసెప్షనిస్టులు, పలువురు డాక్టర్లు కలిసి పనిచేసే క్లినిక్ అలా రూపుదిద్దుకుంది.

2004లో మరో పెద్ద మార్పు వచ్చింది. రక్తపోటు, మధుమేహం వంటి వ్యాధుల నియంత్రణలో నిర్ణీత లక్ష్యాలు సాధిస్తే అదనపు చెల్లింపులు లభించాయి. రాత్రిళ్లు, వారాంతాల్లో రోగుల బాధ్యత నుంచి తప్పుకునే వీలు కూడా కలిగింది. జీపీల ఆదాయం ప్రభుత్వ అంచనాలను మించి పెరిగింది. కొన్నేళ్లపాటు ఆ రంగం కుదుటపడింది. ఆ తర్వాతి దశాబ్దంలో సమతూకం మళ్లీ తప్పింది.

పని ఎందుకు పెరిగింది?

2019లో ఇంగ్లండ్ జీపీ క్లినిక్‌లలో సుమారు 31 కోట్ల అపాయింట్‌మెంట్లు నమోదయ్యాయి. 2024లో అవి 36 కోట్లు దాటాయి. అంటే సగటున నెలకు మూడు కోట్లు. జనాభా పెరుగుదల ఒక్కదానితో దీన్ని వివరించలేం. ఒక్కో మనిషికి అవసరమయ్యే వైద్యం కూడా పెరిగింది.

మొదటి కారణం వయసు. ఎనభై ఏళ్ల వృద్ధునికి మధుమేహం, గుండె బలహీనత, కీళ్ల నొప్పి, మతిమరుపు ఒకేసారి ఉండవచ్చు. ఆయన రోజూ ఎనిమిది, పది రకాల మందులు వాడుతూ ఉండవచ్చు. అలాంటి రోగికి కేటాయించే సమయం మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ పది నిమిషాలే.

రెండో కారణం ఆసుపత్రుల నుంచి తరలివచ్చిన పని. ఆసుపత్రి చికిత్స కోసం వేచి ఉన్న కేసులు 2010 ప్రాంతంలో 25 లక్షలుండగా, 2023 సెప్టెంబరు నాటికి 77 లక్షలు దాటాయి. మోకాలి శస్త్రచికిత్సకు ఏడాది నిరీక్షించే రోగికి ఆ ఏడాది పొడవునా నొప్పి మందులు ఇచ్చేది, ధైర్యం చెప్పేది, ఆసుపత్రికి మళ్లీ లేఖ రాసేది జీపీయే.

మూడోది కంటికి కనిపించని పని. పది నిమిషాల చొప్పున 25 మందిని చూడటానికి నాలుగు గంటల పది నిమిషాలు పడుతుంది. రోగులు వెళ్లిపోయాక ల్యాబ్ ఫలితాలు పరిశీలించాలి, ఆసుపత్రుల నుంచి వచ్చిన ఉత్తరాలు చదవాలి, నెలవారీ మందుల చీటీలు ఆమోదించాలి, మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లాలి. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ రోజుకు 25 సంప్రదింపులే సురక్షిత పరిమితి అని చెబుతోంది. దానిని దాటి చూస్తున్న డాక్టర్లు ఎందరో ఉన్నారు. అలసిన డాక్టర్ చేసే పొరపాటుకు మూల్యం రోగి చెల్లించవలసి వస్తుంది గనుక, ఈ పరిమితిని ఉద్యోగుల సౌకర్యానికి సంబంధించిన కోరికగా మాత్రమే చూడలేం.

డాక్టర్లు పెరిగారా, తగ్గారా?

లెక్కించే తీరును బట్టి సమాధానం మారుతుంది. తలల లెక్కన చూస్తే జీపీల సంఖ్య గత పదేళ్లలో పెరిగింది. పూర్తికాలపు పనిగంటల్లోకి మార్చి చూస్తే తగ్గింది. 2015 సెప్టెంబరులో పూర్తి అర్హత గల జీపీలు పూర్తికాలపు లెక్కన 29 వేలకు పైగా ఉండేవారు. 2025 నాటికి ఆ సంఖ్య 28 వేల దరిదాపుల్లో ఉంది. ఇదే వ్యవధిలో నమోదైన రోగులు 5.7 కోట్ల నుంచి 6.3 కోట్లు దాటారు. ఒక్కో పూర్తికాలపు డాక్టర్‌కు 1,900 పైచిలుకు ఉన్న రోగుల సంఖ్య 2,200 దాటింది.

డాక్టర్లు తక్కువ గంటలు పనిచేయడానికి సోమరితనం కారణమనుకుంటే పొరపాటు. వారానికి మూడు రోజులు మాత్రమే పనిచేస్తున్నట్లు కాగితంపై కనిపించే డాక్టర్, ఒక్కో రోజు పదకొండు, పన్నెండు గంటలు క్లినిక్‌లో గడుపుతుండవచ్చు. ఐదు రోజులూ అదే తీరున పనిచేస్తే ఎక్కువ కాలం నిలవలేమని పలువురు గ్రహించారు.

ఈ లోటు ఎవరికీ తెలియకుండా ఏర్పడింది కాదు. 2020 నాటికి ఐదు వేల మంది డాక్టర్లను అదనంగా తెస్తామని 2015లో నాటి ఆరోగ్యమంత్రి జెరెమీ హంట్ ప్రకటించారు. ఆరు వేల మందిని తెస్తామని 2019 ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ వాగ్దానం చేసింది. రెండూ నెరవేరలేదు. శిక్షణలో చేరేవారి సంఖ్య ఏటా నాలుగు వేల స్థాయికి పెరిగిన మాట నిజం. ఒకవైపు నీరు పోస్తుంటే మరోవైపు కుండ కారిపోయింది. అనుభవజ్ఞులు ముందుగానే విరమిస్తున్నారు. కొందరు ఆస్ట్రేలియా, కెనడా వంటి దేశాలకు తరలిపోతున్నారు. క్లినిక్ నడిపే భాగస్వాముల సంఖ్య పదేళ్లలో దాదాపు నాలుగో వంతు తగ్గింది. అప్పుల బాధ్యత, అద్దె ఒప్పందాల బరువు నెత్తిన వేసుకోవడానికి యువ డాక్టర్లు వెనుకాడుతున్నారు. 2015లో 7,600కు పైగా ఉన్న క్లినిక్‌లు మూతపడటం వల్ల, విలీనాల వల్ల ఇప్పుడు సుమారు 6,200కు చేరాయి.

పైసల లెక్క

2025-26 సంవత్సరానికి తొలుత నిర్ణయించిన మూల చెల్లింపు రోగి ఒక్కరికి 121.79 పౌండ్లు. మన రూపాయల్లో సుమారు 14 వేలు. పది వేల మంది రోగులున్న క్లినిక్‌కు ఈ పద్దు కింద ఏడాదికి సుమారు 12 లక్షల పౌండ్లు వస్తాయి. లక్ష్య సాధనకు, టీకాలకు, మరికొన్ని సేవలకు అదనపు చెల్లింపులుంటాయి. భవనం అద్దెకు వేరే ఏర్పాటుంది. వీటన్నిటి నుంచి సిబ్బంది జీతాలు, పన్నులు, కరెంటు, బీమా, కంప్యూటర్లు వంటి ఖర్చులు పోవాలి.

2019 జనవరిలో ప్రభుత్వం, డాక్టర్ల సంఘం ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నాయి. ఏటా పెంపు ఎంతో అప్పుడే నిర్ణయమైపోయింది. ధరలు మందకొడిగా పెరుగుతాయన్న అంచనాపై ఆ ఒప్పందం నిలిచింది. తర్వాత కోవిడ్ వచ్చింది, యుక్రెయిన్ యుద్ధం వచ్చింది, 2022 అక్టోబరులో బ్రిటన్ ద్రవ్యోల్బణం 11.1 శాతానికి చేరింది. ఖర్చులు రెక్కలు కట్టుకుని ఎగిరాయి. దుకాణదారైతే ధర పెంచుకోగలడు. జీపీకి ఆ వీలు లేదు.

2025 ఏప్రిల్‌లో మరో భారం తోడైంది. ఉద్యోగుల తరఫున యజమానులు చెల్లించే జాతీయ బీమా పన్ను 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది. పన్ను మొదలయ్యే జీతం పరిమితిని ఏడాదికి 9,100 పౌండ్ల నుంచి 5,000 పౌండ్లకు దించారు. ఏడాదికి 25 వేల పౌండ్లు సంపాదించే రిసెప్షనిస్టు విషయంలో ఈ మార్పు వల్ల క్లినిక్‌పై పడే అదనపు ఖర్చు సుమారు 800 పౌండ్లు. అటువంటి ఉద్యోగులు ఇరవై మంది ఉంటే ఏటా 16 వేల పౌండ్లు. ప్రభుత్వ ఆసుపత్రులకు ఈ పెంపును ఖజానా భర్తీ చేసింది. జీపీలు సాంకేతికంగా ప్రైవేటు కాంట్రాక్టర్లు గనుక ఆ భర్తీ వారికి నేరుగా వర్తించలేదు. అదే నెలలో కనీస వేతనం కూడా గంటకు 11.44 పౌండ్ల నుంచి 12.21 పౌండ్లకు పెరిగింది.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. భాగస్వామ్య జీపీల సగటు ఆదాయం ఖర్చులు పోగా ఏడాదికి లక్ష పౌండ్లకు పైనే ఉంటుంది. సగటు బ్రిటిష్ ఉద్యోగితో పోలిస్తే అది చాలా ఎక్కువ. అందుకే డాక్టర్ల ఆందోళనలకు ప్రజల సానుభూతి అన్ని వేళలా లభించదు. అయితే ఇది సగటు మాత్రమే. ఆదాయం క్లినిక్‌ను బట్టి ఎంతో మారుతుంది. ఖర్చు పెరిగిన ప్రతిసారీ ముందుగా కోత పడేది కొత్త నియామకాలకే.

ఉద్యోగాలు ఎందుకు లేవు?

2019లో ప్రభుత్వం ఒక కొత్త పథకం తెచ్చింది. 30 వేల నుంచి 50 వేల జనాభాకు ఒకటి చొప్పున క్లినిక్‌లను సమూహాలుగా చేర్చింది. ఆ సమూహాలు ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు, పారామెడిక్‌లు తదితరులను నియమించుకుంటే వారి జీతాలు తానే భరిస్తానంది. డాక్టర్లు దొరకని రోజుల్లో అది సమంజసంగానే తోచింది. పథకం కింద 26 వేల నియామకాలన్న లక్ష్యం గడువుకు ముందే నెరవేరింది. నేడు జీపీ క్లినిక్‌లలో జరిగే సంప్రదింపుల్లో సగానికి పైగా డాక్టరేతర సిబ్బందితోనే జరుగుతున్నాయి.

కానీ ఆ నిధులను డాక్టర్ల నియామకానికి వాడరాదన్నది నిబంధన. ఫార్మసిస్టును పెట్టుకుంటే జీతం ప్రభుత్వానిది, డాక్టర్‌ను పెట్టుకుంటే జీతం క్లినిక్‌ది. అప్పటికే ఖర్చులతో సతమతమవుతున్న భాగస్వాములు ఏ దారి ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు. శిక్షణ ముగించుకుని బయటికి వచ్చిన డాక్టర్లకు ఖాళీలు కరవయ్యాయి. రోజు కూలీ పద్ధతిలో ఒక్కో క్లినిక్‌కు వెళ్లి పనిచేసే తాత్కాలిక డాక్టర్లకు పిలుపులు తగ్గాయి. ఇలా అవసరం ఉన్నా కొలువు లేని స్థితి ఏర్పడింది.

2024 అక్టోబరులో ఈ ముడిని ప్రభుత్వం కొంత సడలించింది. 8.2 కోట్ల పౌండ్లు కేటాయించి, కొత్తగా అర్హత పొందిన వెయ్యి మంది జీపీలను కూడా ఆ పథకం కింద నియమించుకోవచ్చంది. 2025 వసంతం నాటికి నియామకాలు 1,500 దాటాయని ప్రకటించింది. దీనివల్ల ఉపశమనం కలిగిందన్నది వాస్తవమే. అయితే ఒక పథకానికి ముడిపడిన ఉద్యోగం ఎంతకాలం నిలుస్తుందన్న సందేహం యువ డాక్టర్లను వీడలేదు.

ఆందోళన, రాజీ

2024 ఆగస్టులో ఇంగ్లండ్ జీపీలు అరవై ఏళ్ల తర్వాత మొదటిసారి సామూహిక కార్యాచరణకు దిగారు. ఓటింగ్‌లో పాల్గొన్నవారిలో 98 శాతం అందుకు మొగ్గు చూపారు. క్లినిక్‌లు మూయలేదు. ఒప్పందంలో లేని పనులు మానేయడం, రోజుకు 25 మందికి పరిమితం కావడం వంటి మార్గాలను ఎంచుకున్నారు.

2024 జులైలో ఆరోగ్యమంత్రి అయిన వెస్ స్ట్రీటింగ్ హయాంలో, 2025 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. 2025-26కు 88.9 కోట్ల పౌండ్ల అదనపు నిధులు మంజూరయ్యాయి. కార్యాచరణ ఆగింది. అదే ఒప్పందంలో భాగంగా, 2025 అక్టోబరు 1 నుంచి ప్రతి క్లినిక్ ఉదయం 8 గంటల నుంచి సాయంత్రం 6.30 దాకా ఆన్‌లైన్ అభ్యర్థనలు స్వీకరించాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. ఎనిమిది గంటల ఫోన్ల పోటీని అంతం చేయడం దీని ఉద్దేశం. తగిన రక్షణలు లేకుండా తలుపులు బార్లా తీస్తే, అత్యవసర కేసులు మామూలు అభ్యర్థనల వరదలో మునిగిపోతాయని డాక్టర్ల సంఘం వాదిస్తూ మళ్లీ వివాదానికి దిగింది. రోగి అడిగే దారిని వెడల్పు చేయడం సులభమే. సమాధానం చెప్పే చేతులను పెంచడమే కష్టం.

రోగి కోల్పోతున్నదేమిటి?

బ్రిటిష్ సామాజిక దృక్పథాల సర్వే ప్రకారం 2009లో జీపీ సేవలపై సంతృప్తి 80 శాతం. 2024లో అది 31 శాతానికి పడిపోయింది. ఈ అసంతృప్తి కేవలం నిరీక్షణ గురించి కాదు. తనను ఎరిగిన డాక్టర్ లేకపోవడం కూడా రోగిని బాధిస్తోంది.

దీనికి వైద్యపరమైన విలువ ఉంది. నార్వేలో 45 లక్షల మంది రికార్డులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు నిదర్శనం. ఒకే కుటుంబ వైద్యుని దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిని, ఏడాది మాత్రమే ఉన్నవారితో అందులో పోల్చారు. మొదటి వర్గంలో ఆసుపత్రిలో అత్యవసరంగా చేరడం, ఆ ఏడాది మరణించడం వంటి సంఘటనలు 25 నుంచి 30 శాతం వరకు తక్కువగా కనిపించాయి. నిన్నటి మనిషి ఎలా ఉన్నాడో తెలిసినవాడే నేటి మార్పును పసిగట్టగలడు. ప్రతిసారీ కొత్త ముఖం ఎదురైతే రోగి తన కథను మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. పది నిమిషాల్లో కథే పూర్తి కాదు.

నష్టం అందరికీ సమానం కూడా కాదు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే అది తక్కువగా అందుతుందని సౌత్ వేల్స్ గని కార్మికుల గ్రామంలో జీపీగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే సూత్రీకరించారు. నేటికీ పేద ప్రాంతాల్లో ఒక్కో డాక్టర్‌కు రోగులు ఎక్కువ. తలసరి మొత్తాన్ని సర్దుబాటు చేసే ప్రస్తుత సూత్రం వయసును లెక్కిస్తుంది గానీ పేదరికాన్ని తగినంతగా లెక్కించదన్న విమర్శ ఉంది.

తెలుగు డాక్టర్ల అనుబంధం

1960, 70లలో బ్రిటిష్ డాక్టర్లు వేల్స్ గనుల లోయలకు, ఉత్తరాది మిల్లు పట్టణాలకు వెళ్లడానికి ఇష్టపడలేదు. ఆ ఖాళీలను భారత ఉపఖండం నుంచి వచ్చినవారు నింపారు. వారిలో విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల, హైదరాబాద్ ఉస్మానియా, గుంటూరు వైద్య కళాశాలల పట్టభద్రులు ఎందరో ఉన్నారు. 1980ల నాటికి బ్రిటన్ కుటుంబ వైద్యుల్లో దాదాపు ఆరో వంతు దక్షిణాసియాలో పుట్టినవారే. ఒకే ఊళ్లో ముప్ఫై, నలభై ఏళ్లు పనిచేసి, మూడు తరాలకు వైద్యం చేసినవారు వారిలో ఉన్నారు. ఆ తరం విరమించడం కూడా పేద ప్రాంతాల్లో నేటి లోటుకు ఒక కారణం.

ఇప్పుడు కూడా జీపీ శిక్షణలో కొత్తగా చేరేవారిలో దాదాపు సగం మంది విదేశాల్లో చదివినవారు. అయితే వారి దారి సాఫీగా లేదు. శిక్షణ మూడేళ్లలో ముగుస్తుంది. స్థిర నివాసానికి సాధారణంగా ఐదేళ్లు కావాలి. మధ్యకాలంలో వీసాకు పూచీ పడే క్లినిక్ దొరకాలి. చిన్న క్లినిక్‌లకు ఆ లైసెన్సు తరచుగా ఉండదు. దీనికి తోడు, శిక్షణ సీట్లలో బ్రిటన్‌లో చదివినవారికి ప్రాధాన్యం ఇస్తామని 2025 జులైలో ప్రకటించిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళిక స్పష్టం చేసింది. బ్రిటన్ ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న తెలుగు విద్యార్థులు పరీక్ష నెగ్గడంతోనే కొలువు ఖాయమని భావించే రోజులు పోయాయి.

మన ప్రాథమిక వైద్యానికి సంబంధమేమిటి?

భారతదేశంలో మైదాన ప్రాంతాల్లో 30 వేల జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. ఇంగ్లండ్‌లో 30 వేల మందికి పూర్తికాలపు లెక్కన పదమూడు మంది వరకు జీపీలున్నా కొరత అంటున్నారు. మన పీహెచ్‌సీలో ఉండేది సాధారణంగా ఒకరో ఇద్దరో డాక్టర్లు. ఈ పోలికను యథాతథంగా తీసుకోలేం. ఇక్కడ ప్రైవేటు క్లినిక్‌లు, పల్లెల్లో ఆర్‌ఎంపీలు రోగుల్లో పెద్ద భాగాన్ని చూస్తారు. కానీ ఆ ఖర్చు రోగి జేబు నుంచే పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న లాంఛనంగా ఆరంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం. పీహెచ్‌సీలోని ఇద్దరు డాక్టర్లలో ఒకరు 104 వాహనంలో గ్రామాలకు వెళ్లాలి. ఒక్కో గ్రామానికి నెలకు రెండుసార్లు వెళ్లాలన్నది లక్ష్యం. తెలంగాణలో 2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు, తర్వాత పల్లె దవాఖానాలు వచ్చాయి. వీటిలో చాలామంది కాంట్రాక్టు పద్ధతిలో పనిచేస్తున్నారు.

డాక్టర్‌ను రోగి గడపకు చేర్చాలన్న ఆశయం మంచిది. దాన్ని మోసే మనుషుల సంగతేమిటన్న ప్రశ్న ఇక్కడా తలెత్తింది. 2025 సెప్టెంబరు చివరిలో ఆంధ్రప్రదేశ్ పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగి విధులకు దూరమయ్యారు. సర్వీసులో ఉన్నవారికి పీజీ సీట్ల కోటా, కాలబద్ధ పదోన్నతులు, గిరిజన ప్రాంతాల్లో భత్యం, సంచార వైద్య విధులకు భత్యం వారి ప్రధాన డిమాండ్లు. పీజీ కోటాకు అంత ప్రాధాన్యం ఎందుకు? పీహెచ్‌సీలో ఉండి ఎదగడానికి దారి కనిపించదు గనుక. కుటుంబ వైద్యం ఒక గమ్యంగా కాక, స్పెషలిస్టు కావడానికి ముందు మజిలీగా మిగిలిపోయినంత కాలం, ఊరిని ఎరిగిన డాక్టర్ ఊళ్లో నిలవడు.

ముందున్న దారులు

ఇంగ్లండ్‌లో ఇప్పుడు మూడు ఆలోచనలపై చర్చ సాగుతోంది. ఆసుపత్రుల నుంచి నిధులను ప్రాథమిక వైద్యానికి మళ్లించడం మొదటిది. నేషనల్ హెల్త్ సర్వీస్ బడ్జెట్‌లో ఆసుపత్రుల వాటా 2006లో 47 శాతం ఉండగా 2021 నాటికి 58 శాతానికి పెరిగిందని 2024 సెప్టెంబరులో లార్డ్ డార్జీ నివేదిక వెల్లడించింది. ప్రతి ప్రభుత్వమూ ప్రాథమిక వైద్యమే ముఖ్యమని చెబుతూ వచ్చినా, డబ్బు మాత్రం ఎదురు దిశలో ప్రవహించిందన్నమాట. రెండోది, పేదరికాన్ని కూడా లెక్కించేలా తలసరి సూత్రాన్ని సవరించడం. మూడోది, 1948 నాటి భాగస్వామ్య పద్ధతి స్థానంలో పెద్ద సంస్థలను, జీతానికి పనిచేసే డాక్టర్లను తేవడం. యాజమాన్యపు బరువు తగ్గుతుందని కొందరు దీన్ని సమర్థిస్తున్నారు. సొంత క్లినిక్ అన్న మమకారంతో అదనంగా చేసే పని విలువ అప్పుడు తెలుస్తుందని మరికొందరు హెచ్చరిస్తున్నారు.

ఏ దారి పట్టినా ఒక లెక్క తప్పదు. ఒక డాక్టర్ ఎందరి బాధ్యత వహించగలరు, ఒక రోజులో ఎందరిని జాగ్రత్తగా చూడగలరు అన్నది ముందు తేల్చి, దానికి సరిపడా మనుషులను, నిధులను సమకూర్చాలి. 1966లో ఇంగ్లండ్ ఆ లెక్క వేసుకుంది గనుకనే కుటుంబ వైద్యం అప్పట్లో నిలదొక్కుకుంది. గ్రామ వైద్యానికి కొత్త పథకాలు రచిస్తున్న మన రాష్ట్రాలు సైతం, డాక్టర్ ఎన్ని ఊళ్లు తిరగాలో నిర్ణయించేటప్పుడే ఎంతమందిని చూడగలరో కూడా నిర్ణయించుకోవలసి ఉంటుంది.